సీసాకు మూత సరిగ్గా పడటం లేదా? చేతి క్యాపింగ్ మెషిన్ సమస్యలు - పరిష్కారాలు

మూత కారుతోందని తెలియగానే చాలామంది చేసే పని, తర్వాతి సీసాకు మీటను ఇంకాస్త బలంగా నొక్కడం. దానివల్ల కారడం ఆగదు సరికదా, సీసా మూతి చిట్లే ప్రమాదం తోడవుతుంది. చేతితో నడిపే క్యాపింగ్ మెషిన్‌లో బిగింపును తేల్చేది భుజబలం కాదు, మూత మీద డై (మూత అంచును లోపలికి ముడిచే ఉక్కు అచ్చు) ఎంత కిందికి దిగిందన్నదే. డై పూర్తిగా దిగితే మామూలు చేతి బలం చాలు. సగంలో ఆగిపోతే మీట పట్టుకుని వేలాడినా ఫలితం ఉండదు. కాబట్టి బలం పెంచే ముందు, నొక్కేసిన మూతను ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. తప్పు ఎక్కడ జరిగిందో సగం దాని మీదే రాసి ఉంటుంది.

ఇక్కడ చెప్పేవన్నీ ప్రధానంగా క్రౌన్ మూతల గురించి. అంటే అంచు చుట్టూ పళ్లు ఉండి, ఓపెనర్‌తో తీసే రేకు మూతలు. అల్యూమినియం మరమూతల యంత్రం పద్ధతి వేరు, దాని సంగతి చివర్లో కొంత చెబుతాను.

మూత ఎలా పట్టుకుంటుంది?

ఇది తెలియకుండా బోల్టులు తిప్పితే పని కాదు. క్రౌన్ మూతకు 1892లో అమెరికాలో పేటెంట్ పొందినవాడు బాల్టిమోర్‌కు చెందిన విలియం పెయింటర్. ఆయన మూతకు 24 పళ్లు, ఇప్పుడు వాడే మూతలకు 21. రేకు మందం సుమారు పావు మిల్లీమీటరు. నొక్కకముందు పళ్ల చివర వ్యాసం 32 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. డై లోపలి భాగం పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. మూత అందులోంచి దూరేటప్పుడు పళ్లు లోపలికి ముడుచుకుని, సీసా మూతి కింద ఉన్న గాజు ఉబ్బును పట్టుకుంటాయి.

అయితే కారకుండా ఆపేది పళ్లు కాదు, మూత లోపలి వాషరు. పాతకాలంలో అది బెరడు బిళ్ల, ఇప్పుడు ప్లాస్టిక్ పొర. పళ్ల పనల్లా ఆ వాషరును గాజు పెదవి మీద అదిమి ఉంచడమే. అందుకే ఏ మూత కారినా వేసుకోవలసిన ప్రశ్నలు రెండు. పళ్లు గాజును సరిగ్గా పట్టుకున్నాయా? వాషరు కూర్చున్న చోట గాజు నున్నగా ఉందా? మొదటి ప్రశ్నకు జవాబు యంత్రంలో దొరుకుతుంది, రెండోదానికి యంత్రంతో సంబంధమే లేదు. ఈ రెంటినీ కలిపేసుకుని, ఏ దోషమూ లేని యంత్రాన్ని విప్పి కూర్చునేవాళ్లే ఎక్కువ. ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

యంత్రాల్లో రెండు రకాలు విరివిగా కనిపిస్తాయి. మొదటిది బల్ల మీద నిలబెట్టేది. దానికి ఒక స్తంభం, స్తంభం మీద ఎత్తు సరిచేసుకునే తల, పక్కన ఒక మీట ఉంటాయి. రెండోది రెండు చేతులతో పట్టుకునేది. దాని కింది పలకలు సీసా మెడను కరిచి పట్టుకుంటాయి, రెండు పిడులనూ కిందికి దించితే నడుమనున్న డై మూత మీదికి వస్తుంది. డై పని రెండింటిలోనూ ఒకటే. అది ఆనుకునే చోటు మాత్రం వేరు. బల్ల యంత్రంలో బలమంతా సీసా అడుగు మీద పడుతుంది, రెండు పిడుల యంత్రంలో మెడ మీద పడుతుంది. కొన్ని సమస్యలు ఒకదానిలోనే రావడానికి కారణం ఇదే.

విప్పే ముందు కొలవండి

వెర్నియర్ కాలిపర్ ఉంటే నొక్కిన మూత పళ్ల చివర వ్యాసం కొలవండి. మామూలు 26 మిల్లీమీటర్ల రకం మూతకు అది 28.6 నుంచి 28.8 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. 29 దాటితే వదులు, 28.4 కంటే తగ్గితే మితిమీరిన బిగింపు. 26 అనేది సీసా మూతి కొలత పేరే గాని, మూత బయటి కొలత కాదని గుర్తుంచుకుంటే తికమక ఉండదు.

కాలిపర్‌తో ఒక చిక్కు ఉంది. 21 బేసి సంఖ్య. ఒక పంటి కొనకు సరిగ్గా ఎదురుగా ఇంకో కొన ఉండదు, రెండు కొనల మధ్య పల్లం ఉంటుంది. అందువల్ల కాలిపర్ దవడలు అసలు వ్యాసం కంటే దాదాపు పదోవంతు మిల్లీమీటరు తక్కువ చూపవచ్చు. మంచి మూతకూ వదులు మూతకూ తేడాయే పావు మిల్లీమీటరు అయినప్పుడు ఇది చిన్న విషయం కాదు. తరచూ ఈ పని చేసేవాళ్లు లేత్ మిషన్ పనివారి చేత దళసరి ఉక్కు పలకలో రెండు రంధ్రాలు వేయించుకోవడం మేలు. ఒకటి 28.8, రెండోది 28.5. నొక్కిన మూత మొదటి రంధ్రంలో దూరాలి, రెండోదానిలో దూరకూడదు. కళ్లజోడు అక్కర్లేని గేజి ఇది.

కాలిపర్‌తోనే కొలిచేట్లయితే మూడు వైపుల నుంచి కొలవండి. వచ్చిన అంకెలు మూడు రకాల కథల్లో ఏదో ఒకటి చెబుతాయి. అన్ని వైపులా పెద్దగా ఉంటే డై పూర్తిగా దిగలేదు, లేదా డై అరిగింది. ఒక వైపు పెద్దగా, మరో వైపు చిన్నగా ఉంటే ఏదో ఒరిగింది. అన్ని వైపులా సరిగ్గానే ఉండి కూడా కారుతుంటే యంత్రాన్ని వదిలేసి, మూత వాషరును, సీసా పెదవిని చూడండి.

కొలిచే సాధనమేదీ లేనివాళ్లు నొక్కిన మూతను బొటనవేలు, చూపుడువేళ్లతో తిప్పి చూడవచ్చు. సులువుగా గిరగిరా తిరిగితే అది వదులే. తిరగనంత మాత్రాన బిగింపు బాగుందని అనుకోకూడదు. ఈ పరీక్ష చెడ్డ మూతను పట్టిస్తుంది గాని, మంచి మూతకు హామీ ఇవ్వదు.

మూత కారుతోంది, గ్యాసు పోతోంది

ముందు కారడం నిజమేనా అని తేల్చుకోవాలి. గ్యాసు లేని ద్రవమైతే సీసాను పొడి కాగితం మీద తలకిందులుగా ఒక రాత్రి నిలబెట్టండి. తెల్లారేసరికి కాగితం మీద వలయంలా తడి ఉంటే మూత చుట్టూ కారుతోంది, ఒక పక్కనే మరక ఉంటే అటువైపు పళ్లు పట్టలేదు. గ్యాసున్న పానీయమైతే సీసా మెడను గోరువెచ్చని నీళ్లలో ముంచి చూడండి. బుడగలు ఒకే చోటు నుంచి వరుసగా వస్తే ఆ చోటును మార్కర్‌తో గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. నీళ్లు మాత్రం వేడిగా ఉండకూడదు. వేడికి సీసాలో ఒత్తిడి పెరుగుతుంది, చల్లని గాజు ఒక్కసారిగా వేడెక్కితే పగలవచ్చు.

సరిగ్గా నొక్కిన క్రౌన్ మూత 10 బార్ల ఒత్తిడి వరకు ఆగేలా తయారవుతుంది. గ్యాసు పానీయాల్లో గది ఉష్ణోగ్రత వద్ద ఉండేది సాధారణంగా రెండు నుంచి నాలుగు బార్లు. అంటే మూతకు కావలసినంత మిగులు బలం ఉంది. కాబట్టి 'మా పానీయంలో గ్యాసు ఎక్కువ, అందుకే మూత ఆగడం లేదు' అన్న వాదన దాదాపు ఎప్పుడూ నిలబడదు.

ఇక కారణాలు. వీటిలో తరచుగా కనిపించేది ఎత్తు సరిచేయకపోవడం. బల్ల యంత్రంలో తల ఒక అర సెంటీమీటరు పైన బిగిసి ఉన్నా, మీట చివరిదాకా వచ్చి ఆగిపోతుంది. చేతికి నొక్కినట్టే అనిపిస్తుంది, మూత మీద మాత్రం డై సగమే దిగి ఉంటుంది. దీన్ని సరిచేయాలంటే తలను కావలసిన దానికంటే కొంచెం పైనే బిగించి, ఒక మూత నొక్కి కొలవండి. వదులుగా వస్తే తలను కొద్దిగా దించి, కొత్త మూతతో మళ్లీ నొక్కండి. గేజి ఒప్పుకునే దాకా ఇలా దించుతూ పోవాలి. కింది నుంచి పైకి సరిచేద్దామని చూస్తే మాత్రం మొదటి సీసా మూతే మూల్యం చెల్లిస్తుంది. పరీక్షకు ఖాళీ సీసాలే వాడండి, నొక్కిన మూతను తీసి మళ్లీ వాడకండి. మీట ఆఖరి అంగుళంలో చేతికి కాస్త బరువు తెలిసి, ఆ తర్వాత స్పష్టంగా ఆగాలి. మొదటి నుంచి చివరిదాకా తేలిగ్గా దిగిపోయిందంటే పని జరగలేదన్నమాట.

ఒకే పెట్టెలోని సీసాల ఎత్తులోనూ ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా ఉండవచ్చు. వేర్వేరు చోట్ల తయారైన సీసాలు కలిసిపోతే ఆ తేడా ఇంకా పెరుగుతుంది. పది సీసాలను సమతలమైన బల్ల మీద వరుసగా పెట్టి, మూతుల ఎత్తుకు కన్ను వంచి చూస్తే తెలిసిపోతుంది. ఎత్తును బట్టి వాటిని గుంపులు చేసి, ఒక్కో గుంపుకు తలను ఒక్కోసారి సరిచేసుకోవాలి. నాలుగు సీసాలు బాగా బిగిసి ఐదోది కారుతోందనే ఫిర్యాదుకు జవాబు చాలాసార్లు ఇక్కడే దొరుకుతుంది.

ఎత్తు సరిగ్గా ఉన్నా వ్యాసం పెద్దగానే వస్తుంటే, బలం ఎక్కడ వృథా అవుతోందో వెతకాలి. యంత్రాన్ని బల్లకు బిగించకపోతే మీట నొక్కినప్పుడు అడుగు పలక లేస్తుంది. పలుచని బల్ల అయితే వంగుతుంది. సీసా కింద మెత్తటి స్పాంజి వేస్తే డై దిగవలసిన దూరాన్ని అది మింగేస్తుంది. గట్టి రబ్బరు షీటు వేసుకోవచ్చు, స్పాంజి వద్దు. తలను పట్టుకునే బోల్టు సడలి, నొక్కిన ప్రతిసారీ తల స్తంభం మీద వెంట్రుకవాసి పైకి జారడమూ ఉంది. స్తంభం మీద తల అంచు దగ్గర పెన్సిల్‌తో ఒక గీత గీసి పది సీసాలు నొక్కండి. గీత కనబడకుండా పోయినా, తలకూ గీతకూ మధ్య సందు వచ్చినా ఆ బోల్టే దొంగ.

డై అరగడం చివరి అనుమానం. మరతో బిగించే డై అయితే ముందు అది విప్పుకుని కిందికి వచ్చిందేమో చూసి బిగించండి. బాగానే ఉంటే డై లోపల వేలితో తడమండి. అంచు దగ్గర మెట్టులాంటి గాడి తగిలిందంటే పళ్లు ఉక్కును తినేశాయి. అరిగిన డైకి మరమ్మతు లేదు, మార్చడమే. కొంతమంది లోపల పలుచని రేకు చుట్టి నెట్టుకొస్తారు. అది నాలుగో సీసాకే నలిగి, మూతను అడ్డంగా కోస్తుంది.

కొలతలన్నీ సరిగ్గా ఉండీ కారుతుంటే మూతను తీసి వాషరు చూడండి. సరిగ్గా అదిమిన వాషరు మీద గాజు పెదవి ముద్ర పూర్తి వలయంగా పడి ఉంటుంది. ఆ వలయం ఒకచోట తెగి ఉంటే సీసా పెదవి మీద సరిగ్గా అదే చోట వేలు పెట్టండి. గోటికి తగిలేంత చిన్న చిట్లు అక్కడ ఉండవచ్చు. ఆ సీసాను ఎన్నిసార్లు నొక్కినా కారుతూనే ఉంటుంది, పక్కన పడేయడమే దారి. వలయమే సరిగ్గా పడకపోతే వాషరు గట్టిపడిందన్నమాట. ఏళ్ల తరబడి వేడి గదిలో పడి ఉన్న మూతలు, శుభ్రం చేయడానికని చాలాసేపు మరిగించిన మూతలు ఇలా తయారవుతాయి. మూతలను మరిగించే బదులు, ఆహార పాత్రల కోసం అమ్మే శుద్ధి ద్రావణంలో దాని మీద రాసినంత సేపు ఉంచితే సరిపోతుంది. ఒకసారి ఓపెనర్‌తో తీసిన మూత సంగతి చెప్పనక్కర్లేదు. దాని నడుము వంగిపోయి ఉంటుంది. మళ్లీ పెడితే చూడటానికి బిగిసినట్టే ఉంటుంది, గ్యాసును మాత్రం ఆపదు.

మూత ఒక పక్కకు ఒరిగి బిగుస్తోంది

ఒక వైపు పళ్లు గాజును పట్టుకుని, ఎదుటి వైపు పళ్లు గొడుగు అంచులా విచ్చుకుని ఉంటాయి. ఈ దోషానికి కారణం సీసా కావచ్చు, యంత్రమూ కావచ్చు. ఏదో తేల్చడానికి ఏమీ విప్పనక్కర్లేదు, ఒక మార్కర్ చాలు.

సీసా భుజం మీద మీవైపుగా ఒక చుక్క పెట్టి మూత నొక్కండి. ఏ వైపు పళ్లు విచ్చుకున్నాయో చూసుకోండి. చుక్కకు కుడివైపు అనుకుందాం. ఆ మూతను తీసేసి, కొత్త మూత పెట్టి, ఈసారి చుక్క అవతలి వైపుకు వచ్చేలా సీసాను తిప్పి నిలబెట్టి నొక్కండి. ఇప్పుడూ దోషం మీ కుడిచేతి వైపే ఉంటే తప్పు యంత్రానిది. సీసాతో పాటు దోషమూ తిరిగి మీ ఎడమవైపుకు వచ్చిందంటే తప్పు సీసాది. అలాంటి సీసాను బల్ల మీద పెట్టి దొర్లిస్తే మెడ పైకీ కిందికీ ఊగుతూ కనిపిస్తుంది, లేదా అడుగు సరిగ్గా ఆనక నిలబెట్టినప్పుడు కదులుతుంది.

తప్పు యంత్రానిదైతే ముందు సీసా నిలబెట్టే చోటు చూడండి. సీసా నడుమకు వచ్చేలా కొన్ని యంత్రాల అడుగు పలక మీద గుంటలు, వలయాలు ఉంటాయి. లావు సీసాలకు సరిచేసిన వలయంలో సన్న సీసా పెడితే అది ఎటో ఒకవైపు జరుగుతుంది. తర్వాత స్తంభం నిటారుగా ఉందా లేదా మూలమట్టం పెట్టి చూడండి. రవాణాలో దెబ్బ తిని స్తంభం రవ్వంత వంగినా, తల దగ్గరకు వచ్చేసరికి ఆ వంపు పెద్దదవుతుంది. చివరిగా డై పట్టుకున్న కడ్డీని చేత్తో అటూ ఇటూ ఊపండి. కడ్డీ దిగే గొట్టం అరిగితే ఊపు తెలుస్తుంది. అలాంటప్పుడు లోపలి బుష్ (కడ్డీ చుట్టూ ఉండే తొడుగు) మార్చాలి. గ్రీజు దట్టిస్తే ఆ రోజుకు ఊపు తగ్గినట్టు అనిపిస్తుంది, మర్నాటికి మళ్లీ మొదటికే వస్తుంది.

రెండు పిడుల యంత్రంలో ఈ దోషానికి తొంభై పాళ్లు కారణం చేతులే. కుడిచేతి వాటం వాళ్ల కుడి పిడి ముందు దిగుతుంది. సీసాను నడుము కంటే తక్కువ ఎత్తులో, జారని చోట నిలబెట్టి, రెండు మోచేతులూ చాచి, రెండు పిడులనూ ఒకే వేగంతో దించండి. దిగడం పూర్తయ్యాక ఒక్క క్షణం ఆగి, అంతే నెమ్మదిగా రెండూ కలిపి ఎత్తండి. ఎత్తేటప్పుడు ఒక పిడిని ముందు లేపినా బాగా పడిన మూత ఒరిగిపోతుంది. ఇది ఎవరూ పెద్దగా పట్టించుకోని విషయం.

మూత నడుమ గుంట పడుతోంది

లోతు తక్కువైతే పట్టించుకోనక్కర్లేదు. డై నడుమ అయస్కాంతం గాని, మూతను కిందికి నెట్టే కడ్డీ గాని ఉన్న యంత్రాలు చిన్న గుంట పెట్టడం మామూలే. రూపాయి బిళ్ల నిలువుగా పెడితే దాని అంచు దాగేంత గుంట పడుతుంటే మాత్రం తల మరీ కిందికి దిగి ఉంది. లోతైన గుంట మూత అంచును పైకి లేపుతుంది, వాషరు మీద ఒత్తిడి తగ్గుతుంది. అంటే ఎక్కువ నొక్కడం వల్లే మూత కారుతుంది. ఇది నమ్మని వాళ్లు మరింత నొక్కుతారు, గుంట ఇంకా లోతవుతుంది. తలను కొద్దికొద్దిగా ఎత్తుతూ వ్యాసం 28.8 దాటకుండా చూసుకోండి. తలను ఎత్తినా గుంట తగ్గకపోతే నడుమ కడ్డీ వెనకున్న స్ప్రింగులో చెత్త చేరి కదలకుండా ఉందేమో చూడండి. వేలితో నొక్కితే ఆ కడ్డీ లోపలికి పోయి తిరిగి రావాలి.

సీసా మూతి చిట్లుతోంది, మెడ విరుగుతోంది

ఇక్కడ ముందు చేయవలసింది పని ఆపడం. చిట్లిన సీసాలోని ద్రవాన్ని వడకట్టి వాడదామని అనుకోకండి. కంటికి కనిపించని గాజు పొడి వడపోతలో ఆగుతుందన్న నమ్మకం లేదు. పక్కనే మూత లేకుండా నిండి ఉన్న సీసాలనూ అనుమానించాల్సిందే. దళసరి తోలు చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా ఈ యంత్రం దగ్గర నిలబడకూడదన్నది నా గట్టి అభిప్రాయం. వాటిని అతి జాగ్రత్త అనేవాళ్లు మెడ విరిగిన సీసా మీదికి చెయ్యి జారడం చూసి ఉండరు.

రెండు పిడుల యంత్రంతో విరుగుతుంటే మెడ ఆకారం చూడండి. దాని పలకలు పట్టుకోవడానికి మూతి కింద ఒక దళసరి గాజు వలయం ఉండాలి. కొన్ని సీసాలకు ఆ వలయం నామమాత్రంగా ఉంటుంది, కొన్నింటికి అది మరీ కింద ఉంటుంది. అలాంటి మెడ మీద పలకలు జారి, బలమంతా ఒక్కచోట పడి గాజు తెగుతుంది. కొన్ని యంత్రాల్లో పలకలను తిప్పి బిగించుకోవచ్చు. ఒక అంచుకు పెద్ద వంపు, మరో అంచుకు చిన్న వంపు ఉంటుంది, మెడకు సరిపోయే దాన్ని లోపలికి పెట్టాలి. ఏదీ సరిపోకపోతే ఆ సీసాలకు బల్ల యంత్రమే వాడాలి. రెండు పిడుల యంత్రంతో వాటిని నొక్కే ఉపాయం ఇంకేదీ లేదు.

చేత్తో తిప్పి తీసే మూతల కోసం మూతి మీద సన్నని మరలు పోసిన సీసాలు ఇంకో ముఖ్య కారణం. వాటి మూతి ఆకారం, మందం వేరు. మామూలు మూత వాటి మీద ఒక్కోసారి బాగానే పడుతుంది, ఒక్కోసారి కారుతుంది, ఒక్కోసారి గాజు చిట్లుతుంది. నిలకడ లేని సీసాతో వేగకండి, వేరు చేసి పక్కన పెట్టండి. ఎన్నోసార్లు వాడి, భుజం మీద తెల్లటి రాపిడి మచ్చలు పడిన సీసాలూ బలహీనమైనవే.

బల్ల యంత్రంలో మూతులు వరుసగా చిట్లుతుంటే తల మరీ దిగి ఉంది, లేదా మీటను ఊపుతో కొడుతున్నారు. మీటను దించాలి గాని విసరకూడదు.

మూత బిగిశాక డైలోనే ఇరుక్కుని, మీటతో పాటు సీసా కూడా లేస్తోంది

ఎప్పుడూ బాగా పనిచేసే యంత్రంలో ఇది ఉన్నట్టుండి మొదలైతే కారణం సాధారణంగా మురికే. చక్కెర ఉన్న ద్రవం చుక్కలు డైలో ఎండి జిగురుగా మారతాయి. వేడినీళ్లు, పాత పళ్ల బ్రష్షుతో కడిగి, తడి లేకుండా తుడిచి, ఆహార యంత్రాలకు వాడే నూనె ఒక చుక్క గుడ్డతో పూయండి. మామూలు బండి గ్రీజు మూత దగ్గరికి రానివ్వకండి.

శుభ్రంగా ఉన్నా ఇరుక్కుంటుంటే మూతను బయటికి నెట్టే స్ప్రింగు విరిగిందేమో, డై అంచు మీద ముల్లులాంటి గరుకు లేచిందేమో చూడండి. గరుకును అతి సన్నని ఎమెరీ కాగితంతో రెండుసార్లు తాకించి తీయవచ్చు. అంతకు మించి రుద్దితే డై వెడల్పయి, ఇరుక్కునే సమస్య పోయి కారే సమస్య వస్తుంది. సీసా డైకి వేలాడుతుంటే దాన్ని కిందికి లాగకండి. అడుగున ఒక చెయ్యి ఆనించి, మీటను పైకి కిందికి నెమ్మదిగా ఆడిస్తే వదులుతుంది.

నొక్కకముందే మూత జారిపడుతోంది

అయస్కాంతం మీద రేకు పొడి, మూతల రంగు పొరలు పేరుకుంటే పట్టు తగ్గుతుంది. తుడవండి. ఊడిపోతే ఎపాక్సీ జిగురుతో అతికించి పూర్తిగా ఆరనివ్వండి. మూతలు అల్యూమినియంవైతే అయస్కాంతం ఎలాగూ పట్టదు, సీసా మీదే మూత పెట్టి నొక్కాలి. నిజానికి ఏ మూతకైనా ఇదే నమ్మకమైన పద్ధతి. అయస్కాంతం వేగం కోసమే గాని బిగింపు కోసం కాదు.

మూత సీసా మీద అసలు కూర్చోవడం లేదు

మూతి 29 మిల్లీమీటర్ల రకం అయి ఉంటుంది. షాంపేన్ తరహా సీసాలు చాలావరకు ఇవే. వాటికి 29 రకం మూతలు, 29 రకం డై రెండూ కావాలి. మూతలు మాత్రం మార్చి పాత డైతో నొక్కితే మూత డైలో ఇరుక్కుపోతుంది, లేదా సీసా మూతి పోతుంది.

మీట బరువెక్కింది

కీళ్లలో నూనె ఆరిపోయి ఉంటుంది. కీలు చీలలు విప్పి, తుడిచి, నూనె వేసి బిగించండి. నూనె వేశాకా బరువుగానే ఉంటే చీల వంగి ఉంటుంది. దాన్ని తీసి అద్దం మీద దొర్లిస్తే వంపు తెలిసిపోతుంది. పళ్ల చక్రంతో నడిచే యంత్రంలో మీట నడుమ ఒక్కసారిగా జారి టక్కుమందంటే పళ్లు అరిగాయి. అలా జారినప్పుడు మీట మొహం మీదికి రావచ్చు కాబట్టి చక్రం మార్చేదాకా ఆ యంత్రాన్ని వాడకండి.

కొన్నాళ్లకు మూత చుట్టూ తుప్పు వస్తోంది

మూత పళ్ల కింద చిక్కుకున్న తడి వల్ల వస్తుంది. మూత నొక్కాక సీసాలను కడిగి, తడితోనే పెట్టెల్లో సర్దితే తుప్పు ఖాయం. మెడ వంచి నీళ్లు విదిలించి, గాలికి ఆరనివ్వాలి. తుప్పు అన్ని మూతల మీదా ఒకే చోట గీతలా కనిపిస్తే మాత్రం డైలో గరుకు ఉండి మూత రంగును గీరేస్తోంది. దాని పరిష్కారం పైన చెప్పిందే.

అల్యూమినియం మరమూతల యంత్రం

ఈ మూతకు ముందుగా మరలు ఉండవు. డై బదులు తిరిగే చిన్న చక్రాలు సీసా మరల వెంట రేకును అదిమి మరలు పోస్తాయి. ఇంకో జత చక్రాలు కింది వలయాన్ని గాజు ఉబ్బు కిందికి మడుస్తాయి. మూత తిప్పితే ఆగకుండా తిరుగుతుంటే మర చక్రాల స్ప్రింగు వదులైంది. రేకు తెగుతుంటే స్ప్రింగు బిగువు ఎక్కువైంది, లేదా చక్రం అంచు పదునెక్కింది. మరలు బాగున్నా కారుతుంటే పైనుంచి మూతను అదిమే దిమ్మె తగినంత నొక్కడం లేదు, ఎత్తు సరిచేయాలి. తెరిచినప్పుడు కింది వలయం విడిపోకుండా మూతతో పాటే పైకి వచ్చేస్తుంటే మడిచే చక్రాలు మరీ పైన ఉన్నాయి. ఈ యంత్రంలో ఒకసారికి ఒకే స్ప్రింగును పావు చుట్టు తిప్పి పరీక్షించండి. అన్నీ కలిపి తిప్పితే ఏది ఏం చేసిందో తేల్చుకోలేరు.

కొత్త డై తెప్పించేటప్పుడు

యంత్రం పేరు చెబితే సరిపోదు. ఒకే పేరుతో వేర్వేరు మరల డైలు వస్తుంటాయి. డై బిగించే మర వ్యాసం, ఒక అంగుళానికి లేదా సెంటీమీటరుకు మరలెన్ని, డై మొత్తం ఎత్తు, 26 రకమా 29 రకమా అన్న నాలుగు వివరాలూ కొలిచి పంపండి. పాత డైని పారేయకుండా వెంట తీసుకెళ్లడం ఇంకా మంచిది. కొత్తది బిగించాక తల ఎత్తును మళ్లీ మొదటి నుంచి సరిచేయాలి. డై ఎత్తులో రెండు మిల్లీమీటర్ల తేడా ఉన్నా పాత అమరిక పనికిరాదు.